నల్లచుట్టకు పెళ్ళిచూపులు

"నలుపు నారాయణుడు మెచ్చు" అంటారు మన పెద్దవాళ్ళు. ఎప్పుడంటారో గమనించారా? చామనచాయ పిల్లను చూడ్డానికి పెళ్ళివారు వచ్చి, పెట్టిన ఫలహారాలన్నీ తిని, "ఇంటికెళ్ళి కబురు చేస్తాం" అని లేచిపోయాక అంటారు. పచ్చని పిల్ల ఉన్న ఇంట్లో ఈ సామెతతో ఎవరికీ పని పడదు. నారాయణుడు మెచ్చితే సరా? పెళ్ళికొడుకు తల్లి మెచ్చవద్దూ!

రంగు చూసి గుణం కట్టే ఈ అలవాటు మన పెళ్ళిచూపులకే పరిమితం అనుకుంటూ వచ్చాను. కాదట. పొగాకు చుట్టకు కూడా ఈ బాధ తప్పలేదు. మొన్నామధ్య ఒక నవల రాస్తూ, అందులో ఒక పెద్దమనిషి చేతిలో సిగార్ పెట్టవలసి వచ్చి, ఆ సిగార్ సంగతేమిటో తెలుసుకుందామని నాలుగు పుస్తకాలు తిరగేశాను. నవల అక్కడే ఆగిపోయింది గానీ సిగార్ కథ మాత్రం నన్ను వదల్లేదు. ముఖ్యంగా నల్లసిగార్ కథ. దాన్ని 'మదురో' అంటారు.

మదురో అంటే స్పానిష్ భాషలో నలుపు కాదు. పండినది, పక్వానికి వచ్చినది అని అర్థం. ఈ మాట వినగానే నాకా చుట్ట మీద కాస్త ఆప్యాయత కలిగింది. ఎందుకంటే మాగబెట్టడం అనే విద్య మనకు కొత్త కాదు. మామిడికాయలు గడ్డిలో పరిచి, పైన గోనె కప్పి, రోజుకోసారి చెయ్యి పెట్టి చూసి, వేడి తగిలిందో లేదో, వాసన వచ్చిందో లేదో కనిపెట్టే ఇల్లాలికి మదురో ఎలా తయారవుతుందో ఎవరూ చెప్పనక్కరలేదు. ఒకసారి వింటే చాలు.

పొలం నుంచి కోసుకొచ్చిన పచ్చి ఆకును పెద్ద కొట్టాల్లో దండెలకు వేలాడదీస్తారు. వారాల తరబడి ఆ గాలికి ఆకుపచ్చ పోయి పసుపు, పసుపు పోయి గోధుమరంగు వస్తాయి. అక్కడితో సగం పనే అయింది. ఆ తర్వాత ఆకుకు తడి పట్టించి, కట్టలు కట్టి, మనిషెత్తు కుప్పలు వేస్తారు. కుప్ప లోపల దానంతటదే వేడి పుడుతుంది, మన పెరట్లో తడిగడ్డి కుప్పలో పుట్టినట్టే. ఆ వేడికి ఆకులోని ఘాటు అమ్మోనియా వాసనగా బయటికి పోతుంది. వేడి మితిమీరితే ఆకు పాడవుతుంది కాబట్టి కుప్పలో ఉష్ణమాపకం గుచ్చి ఉంచుతారు. హద్దు దాటబోతోందనగా కుప్ప విప్పి, లోపలి ఆకు పైకి, పైది లోపలికి వేసి మళ్ళీ పేరుస్తారు. మామూలు ఆకుకంటే మదురో ఆకుకు ఈ వేడి ఎక్కువ, ఈ కాలమూ ఎక్కువ. ఆ కాలంలోనే రంగు ముదిరి, చేదు విరిగి, మెత్తని కమ్మదనం వస్తుంది.

అన్ని ఆకులూ ఇందుకు తట్టుకోవు. పల్చటి నాజూకు ఆకును అంత వేడిలో పెడితే చిరిగి పీలికలవుతుంది. ఎండలో పెరిగి దళసరిగా, జిగటగా ఉన్న ఆకే ఆ పరీక్షకు నిలబడుతుంది. అమెరికాలోని కనెటికట్ లోయలో బ్రాడ్‌లీఫ్ అనే రకం, మెక్సికోలో సాన్ ఆంద్రేస్ లోయ ఆకు, బ్రెజిల్‌లో బహియా రాష్ట్రపు ఆకు ఇందుకు పేరు పడ్డాయి. బ్రాడ్‌లీఫ్ మొక్కనైతే ఆకు ఆకుగా కోయరు, కాండంతో సహా నరికి వేలాడదీస్తారు.

ఇక అదే కనెటికట్ లోయలో 1900లో ఇంకో ముచ్చట మొదలైంది. తెల్లటి ఆకుకు గిరాకీ ఎక్కువగా ఉండేది. సుమత్రా దీవి నుంచి వచ్చే పల్చని, లేతరంగు ఆకు అమెరికా రైతుల నోరు కొడుతోంది. అందుకని పొలం పొలమంతా పల్చటి గుడ్డతో పందిళ్ళు వేసి, ఆ నీడలో పొగాకు పెంచడం మొదలుపెట్టారు. ఎండకన్నెరగని ఆకు లేతగా, పల్చగా, నిగనిగలాడుతూ వచ్చింది. ఖరీదూ ఎక్కువే పలికింది. "మా అమ్మాయిని ఎండపొడ తగలకుండా పెంచాం" అని చెప్పుకునే తల్లులు నాకు గుర్తొచ్చారు. ఒకే లోయలో, ఒక పొలంలో గుడ్డపందిరి కింద గారాల కూతురు, పక్క పొలంలో ఎండలో నల్లబడ్డ పనిపిల్ల!

సిగార్ రంగులకు పేర్లున్నాయి. లేతది క్లారో, ఎర్రనిది కొలొరాడో, నల్లనిది మదురో, ఇంకా కారునలుపైతే ఒస్కురో. ఇవి పెద్ద పద్దులు మాత్రమే. హవానాలో రంగులు ఏరేవాళ్ళు అరవై పైచిలుకు ఛాయలు విడదీస్తారంటారు. మనం పట్టుచీరల కొట్లో కూర్చుని "ఇది వంకాయరంగు కాదండీ, నేరేడుపండు రంగు" అని కొట్టువాడితో వాదిస్తామే, అలాగ. ఏరిన సిగార్లను పెట్టెలో పేర్చడానికీ పద్ధతి ఉంది. ఎడమవైపు ముదురు రంగుది, అక్కడినుంచి కుడికి వచ్చేకొద్దీ లేతది. తేడా కంటికి ఆనీ ఆననట్టుండాలి. పెట్టె తెరిచిన మనిషికి అన్నీ ఒకే రంగు అనిపించాలి.

ఈ రంగుల మోజు దేశానికో తీరు. వ్యాపారులు పెట్టుకున్న పేర్లే ఆ మాట చెబుతాయి. లేతవి, పచ్చవి 'అమెరికా బజారు ఏరిక', గోధుమరంగువి 'ఇంగ్లీషు బజారు ఏరిక', నల్లనివి 'స్పానిష్ బజారు ఏరిక'. 1950లలో, 60లలో అమెరికావాళ్ళకు ఆకుపచ్చ సిగార్ అంటే పిచ్చి. పచ్చదనం పోకుండా ఆకును గబగబా నిప్పుసెగ మీద ఆరబెట్టి చేసేవారు. దాని పేరు కాండెలా. నలభై ఏళ్ళు తిరిగేసరికి, 1990లలో వచ్చిన సిగార్ల వెర్రిలో, అదే అమెరికాలో నల్లపిల్లకు మళ్ళీ సంబంధాలు వెల్లువెత్తాయి. పిల్ల మారలేదు, చూసేవాళ్ళ కళ్ళు మారాయి.

గిరాకీ వస్తే ఏమవుతుందో మీకు తెలుసు. నిజంగా మాగబెట్టాలంటే నెలలూ ఏళ్ళూ పడుతుంది, డబ్బు అంతకాలం కుప్పలో నిలిచిపోతుంది. అంత ఓపిక లేనివాళ్ళు ఆకును ఆవిరిలో ఉడికించి నల్లబరిచారు. ఇంకా తొందరైనవాళ్ళు రంగే పూశారు. మన దగ్గర పౌడరు దట్టించి తెల్లగా చూపిస్తే అక్కడ నల్లగా చూపించడం! తడిగుడ్డతో మెల్లగా అద్ది చూడమంటారు తెలిసినవాళ్ళు. కాస్త గోధుమరంగు అంటితే ఫరవాలేదు, అది ఆకు సహజం. గుడ్డంతా నల్లనైతే మాత్రం సంబంధం వదులుకోవలసిందే.

1962లో ఇంకో మలుపు వచ్చింది. ఆ ఫిబ్రవరిలో అధ్యక్షుడు కెన్నెడీ క్యూబాతో వ్యాపారం నిషేధిస్తూ సంతకం చేశాడు. సంతకానికి ముందు తన పత్రికా కార్యదర్శి పియెర్ సాలింజర్‌ను పిలిచి, తనకిష్టమైన క్యూబా సిగార్లు వెయ్యి సంపాదించమన్నాడట. ఆయన 1200 తెచ్చాక గానీ కలం తీయలేదట. ఇది సాలింజరే తర్వాత చెప్పుకున్న సంగతి. "రేపటి నుంచి బియ్యం ధర పెరుగుతుంది" అని భర్త చెవిలో వేస్తే ఈ రాత్రికే బస్తా దింపించుకునే గృహిణికీ, అగ్రరాజ్యాధిపతికీ ఏమైనా తేడా ఉందంటారా? క్యూబా విడిచివెళ్ళిన పొగాకు కుటుంబాలు డొమినికన్ రిపబ్లిక్, నికరాగ్వా, హోండురాస్ దేశాల్లో స్థిరపడి అక్కడ పండించడం, చుట్టడం మొదలుపెట్టాయి.

అసలు ఇన్ని చుట్టలు చుట్టిందెవరు, ఏరిందెవరు, ఈనె తీసిందెవరు? ఇక్కడికి వచ్చేసరికి నాకు కథ రక్తి కట్టింది. కాల్చేవాళ్ళు మగవాళ్ళు, పొగడేవాళ్ళు మగవాళ్ళు, చేతులు మాత్రం చాలాచోట్ల ఆడవాళ్ళవి. స్పెయిన్‌లోని సెవిల్ నగరంలో రాజుగారి పొగాకు కర్మాగారం ఉండేది. పద్ధెనిమిదో శతాబ్దంలో కట్టిన ఆ రాజభవనంలాంటి కట్టడంలో ఇప్పుడు విశ్వవిద్యాలయం నడుస్తోంది. పందొమ్మిదో శతాబ్దంలో వేలమంది ఆడవాళ్ళు అక్కడ చుట్టలు చుట్టేవారు. మెరిమే అనే ఫ్రెంచి రచయిత 1845లో ఆ కర్మాగారంలోంచే తన కార్మెన్‌ను తీసుకొచ్చాడు. 1875లో ఆ కథ సంగీతనాటకమై లోకమంతా పాకింది. దాంతో సెవిల్ చుట్టల పిల్లలంటే కొప్పులో పువ్వు, చేతిలో కత్తి, కళ్ళలో కైపు అని జనానికి స్థిరపడిపోయింది. కానీ 1915లో గొన్సాలో బిల్బావో అనే చిత్రకారుడు అదే కర్మాగారాన్ని గీశాడు. ఆ బొమ్మలో ముందుగా కనిపించేది పనిమధ్యలో బిడ్డకు పాలిస్తున్న తల్లి. కార్మెన్‌కు దొరికిన పేరులో పదోవంతు కూడా ఆ తల్లికి దొరకలేదు.

క్యూబా పిల్లలు తొడల మీద చుట్టలు చుడతారని ఇంకో కట్టుకథ. చుట్టడానికి చెక్కబల్ల కావాలి, వంకీ తిరిగిన కత్తి కావాలి. ఒళ్ళో పెట్టి చుడితే చుట్ట రాదు. ఆకు ఏరే ఆడవాళ్ళు, ఈనె తీసినవాళ్ళు, సాపుచేసిన ఆకులను ఒళ్ళో పరుచుకుంటారు. దాన్ని చూసిన ఏ రసికుడో అల్లిన కథ అంటారు. చింతపండు గింజ తీస్తూ ఒళ్ళో చాట పెట్టుకున్న మనను చూసి ఎవరైనా శృంగారకావ్యం రాస్తే ఎలా ఉంటుందో అలా ఉంది.

నవలలు రాసుకునే దాన్ని కాబట్టి నాకు అన్నిటికంటే నచ్చింది మాత్రం ఇది: హవానాలో 1865లో ఎల్ ఫీగరో అనే చుట్టల కర్మాగారంలో పనివాళ్ళంతా కలిసి, తమ కూలిడబ్బుల్లోంచి తలా కాస్త వేసుకుని, పనిచేస్తున్నంతసేపూ తమకు పుస్తకం చదివి వినిపించడానికి ఒక మనిషిని పెట్టుకున్నారు. వాళ్ళలో చాలామందికి చదువు రాదు. చేతులు చుడుతుంటాయి, చెవులు వింటుంటాయి. పొద్దున వార్తలు, తర్వాత నవలలు. ఏ నవల చదవాలో వాళ్ళే ఓట్లేసి తేల్చుకునేవారు. విక్టర్ హ్యూగో, డ్యూమా, సెర్వాంటిస్ అలా వాళ్ళ ఇళ్ళ మనుషులైపోయారు. ఇది చూసి దొరతనానికి గుబులు పుట్టి మరుసటేడే నిషేధించింది. నిషేధాలు వచ్చాయి, పోయాయి, చదువరి మాత్రం మళ్ళీ బల్ల ఎక్కాడు. ఫ్లోరిడాలోని టాంపా కర్మాగారాలకు కూడా ఆ అలవాటు వెళ్ళింది. 1931లో అక్కడి యజమానులు చదువరులను దింపేసి రేడియోలు పెట్టించారు. క్యూబాలో మాత్రం ఆ సంప్రదాయం నిలిచింది. 2012లో దాన్ని జాతీయ సాంస్కృతిక సంపదగా ప్రకటించారు. ఆడవాళ్ళు కూడా ఇప్పుడా బల్ల మీద కూర్చుని చదువుతున్నారు. 'మాంటెక్రిస్టో' అనే సిగార్ 1935లో వచ్చింది. పనివాళ్ళు మనసుపడ్డ డ్యూమా నవల పేరే దానికి పెట్టారని చెప్పుకుంటారు. ఏ రచయితకు దొరుకుతుందండీ అంతకన్నా గొప్ప బహుమతి!

ఇక రుచి సంగతి. మా పినతండ్రిగారి అల్లుడు టాంపా నుంచి వస్తూ ఒక మదురో పెట్టె తెచ్చుకున్నాడు. నేనీ విషయం రాస్తున్నానని తెలిసి, "వదినగారూ, రాయాలంటే అనుభవం ఉండాలి కదండీ, ఒకటి వెలిగిస్తారా?" అన్నాడు. "మూడు నవలల్లో హత్యలు రాశానయ్యా, అనుభవంతోనేనా?" అన్నాను. వెలిగించకుండా చూడవలసినదంతా నేను చూశాను. వెలిగించాక సంగతి అతను చెబుతుంటే రాసుకున్నాను.

ముందు కంటిచూపు. పై ఆకు ఎక్కడా చిట్లకూడదు, ఈనెలు లావుగా తేలకూడదు, లేత నూనె మెరుపుండాలి. మదురో ఆకు కాస్త గరుకు, అది దోషం కాదు. తర్వాత చేతిచూపు. రెండువేళ్ళతో మెల్లగా నొక్కుతూ పోవాలి, లేత బెండకాయను చూసినట్టు. ఎక్కడా గట్టి ముడి తగలకూడదు, బోలుగానూ ఉండకూడదు. తర్వాత వాసన. పాత చింతపండు, అప్పుడే వేపిన కాఫీ గింజలు, ముదురుపాకం పట్టిన బెల్లం, వెనకాల ఎక్కడో కొట్టంలో ఎండుగడ్డి. ఇవి నేను పట్టిన వాసనలు. అతని పుస్తకంలో కోకో, తోలు, ఎండుద్రాక్ష అని రాసి ఉంది. ఎవరి వంటిల్లు వాళ్ళది!

కొస కత్తిరించి, వెలిగించకుండానే ఒకసారి గాలి పీల్చి చూశాడు, దారి సాఫీగా ఉందో లేదో. అగ్గిపుల్ల మంట తగలనీయకుండా సెగ మాత్రమే చూపిస్తూ కొసంతా సమంగా రాజేశాడు. పొగ మింగడు, నోట్లోనే తిప్పి వదులుతాడు, కొద్దిగా ముక్కులోంచి. రుచిలో సగం ముక్కే చెబుతుందట. జలుబు చేసిన రోజు పులుసు చప్పగా ఉండే మనకిది తెలియనిదా! మొదట మిరియపు చురుకు, సగం దగ్గర కాఫీ, బెల్లం, చివరికి వేడెక్కి చేదు. ఫ్రెంచివాళ్ళు సిగార్‌ను మూడు వంతులు చేసి మూడు పేర్లు పెట్టారు: మొదటివంతు గడ్డి, రెండోవంతు దివ్యం, మూడోవంతు పేడనీళ్ళు. ఇంత నిజాయితీగా తమ భోగాన్ని వర్ణించుకున్న జాతి ఇంకోటి లేదు.

"నల్లగా ఉంది కదా, మహా ఘాటుగా ఉండాలే?" అన్నాను. అందరూ పడే పొరపాటు అదేనన్నాడు. పైన కప్పిన ఆకు తూకంలో చాలా తక్కువ. రుచికి అది చేసే సాయం పెద్దదే గానీ, ఘాటు నిర్ణయించేది లోపల కూరిన ఆకు. మొక్క అడుగున కోసినది చప్పన, తేలిగ్గా అంటుకుంటుంది. నడిమిది సువాసన. చిటారున ఎండంతా తాగిన ఆకు బలం. ఆ చిటారు ఆకు ఎక్కువ కూరితే తెల్లసిగార్ కూడా తల తిప్పుతుంది, తక్కువ కూరితే నల్లది కూడా సాధువే. మాగుతూ మాగుతూ కోపమంతా వదిలేసుకున్న ఆకును రంగు చూసి గయ్యాళి అంటున్నారన్నమాట!

పెరటివైపు నుంచి వాసన పట్టి మా అత్తగారు, "ఇంత ఖరీదు పెట్టి, ఓడలెక్కి తెచ్చుకుంది మళ్ళీ మన లంక చుట్టే కదమ్మా!" అన్నారు. ఆవిడ మాట కొట్టెయ్యడానికి లేదు. గోదావరి లంకల్లో, వరద వదిలివెళ్ళిన ఒండ్రులో పండే పొగాకు తెల్లదొరల కాలంలోనే పేరు మోసింది. మన గిరీశంగారు శిష్యుడికి అప్పగించిన విద్యల్లో చుట్ట కాల్చడం ప్రధానమైనదని వేరే చెప్పాలా? దక్షిణాది చుట్టలు లండన్ దాకా వెళ్ళాయి. 1887లో వచ్చిన షెర్లాక్ హోమ్స్ మొదటి కథలో హంతకుడు కాల్చింది తిరుచిరాపల్లి చుట్ట అని ఆ మహానుభావుడు నేలమీది నల్లటి, పొరలు పొరల బూడిద చూసి పోల్చేస్తాడు. 140 రకాల పొగాకు బూడిదల మీద గ్రంథం రాసినవాడాయె!

కానీ ఆ మాట విన్నప్పుడు నాకు హోమ్స్ కన్నా ముందు మరో మనిషి గుర్తొచ్చింది. నా చిన్నప్పుడు శ్రీకాకుళం వైపు మా అమ్మమ్మగారి ఊళ్ళో చింతపండు కొట్టడానికి ఒక ముసలమ్మ వచ్చేది. పనిచేస్తున్నంతసేపూ నోట్లో చుట్ట ఉండేది, నిప్పు వైపు లోపలికి. అడ్డపొగ అంటారు దాన్ని. "నోరు కాలదా మామ్మా?" అంటే నవ్వేది. నిప్పు బయటుంటే గాలికి ఆరిపోతుంది, పని చేసుకోనివ్వదు, నలుగురి ముందూ కనబడుతుంది. లోపలుంటే ఆ గొడవ లేదు. ఒక్క చుట్ట చాలాసేపు వస్తుంది కూడా. 1971లో వైద్యపరిశోధకులు శ్రీకాకుళం జిల్లా పల్లెల్లో పదివేలమందికి పైగా మనుషుల నోళ్ళు పరీక్షించి, అడ్డపొగ వల్ల అంగిలికి వచ్చే మచ్చల గురించి, పుండ్ల గురించి ప్రకటించారు. అంగిలి కేన్సరు ఆ తీరంలో ఆడవాళ్ళను ఎంతగా పట్టి పీడించిందో వైద్యులకు తెలుసు. పొగ మింగకపోతే ప్రమాదం లేదనుకునే ఖరీదైన సిగార్ రాయుళ్ళకూ నోటి కేన్సరు, గొంతు కేన్సరు వస్తాయని కూడా వైద్యులే చెబుతున్నారు. మా మరిదికి ఆ మాట చెప్పాను. "నెలకొకటే వదినగారూ" అన్నాడు. ఆ ఒకటి కూడా మా చెల్లెలికి లెక్కే.

సిగార్ రుచి చూసేవాళ్ళు రాసిన పుస్తకాల్లో మార్కులుంటాయి. రూపానికిన్ని, కట్టుకిన్ని, మంటకిన్ని, రుచికిన్ని అని నూటికి వేస్తారు. చేతులకు మార్కులు లేవు. ఈనె తీసిన చేయి, అరవై ఛాయలు విడదీసిన కన్ను, బిడ్డకు పాలిస్తూనే చుట్ట చుట్టిన ఒడి, నిప్పును నోట్లో దాచుకుని పని తెముల్చుకున్న మామ్మ, వీళ్ళెవరూ ఆ పట్టికలో లేరు.

అందుకే నల్లచుట్టను కాల్చమని నేను ఎవరికీ చెప్పను. మీ ఇంట్లో కాల్చేవారుంటే మానిపించండి. కానీ ఆకు నుంచి ఒక్క సంగతి మాత్రం తీసుకోవచ్చు. తెల్లది మెతక, నల్లది ఘాటు అని పైపొర చూసి తీర్పు చెప్పేవాళ్ళు లోపల ఏం కూరి ఉందో ఎన్నడూ చూడలేదన్నమాట. దళసరి ఆకే అంత వేడికి నిలుస్తుంది. నిలిచినదే పక్వానికి వస్తుంది. దానికి స్పెయిన్‌వాళ్ళు నలుపు అని పేరు పెట్టలేదు, పండినది అని పెట్టారు. మన ఇళ్ళలో పిల్లలను చూడ్డానికి వచ్చేవాళ్ళకు కూడా ఆ పాటి భాష వస్తే ఎంత బావుండును!